40 రూపాయల భవిష్యత్తు

విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్ల దగ్గర బేరం ఆడటం నాకు ఇప్పటికీ చేతకాదు. మొన్న మే నెలలో మా మేనల్లుడికి ఎంసెట్ పుస్తకాలు కొనిపెడదామని వెళ్లాను (పేరు ఈఏపీసెట్ అయి నాలుగేళ్లు దాటినా మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు). వాడు ఫిజిక్స్ గుట్టలో తల దూర్చేసరికి, నేను పక్కనున్న ఇంగ్లీషు నవలల గుట్టలో చెయ్యి పెట్టాను. చేతికి వచ్చిన పుస్తకం అట్ట మీద ఆకుపచ్చ గౌను వేసుకున్న అమ్మాయి, ఒక బుడగ లోపల ఇరుక్కుని ఉంది. 'మ్యాచ్డ్'. ఆలీ కాండీ అనే అమెరికన్ రచయిత్రి రాసింది, 2010 నవంబరులో వచ్చింది. అట్ట అంచులు ఉబ్బిపోయి, పేజీలు ఎండబెట్టిన అప్పడాల్లా వంకర తిరిగి ఉన్నాయి. "అది బుడమేరు నీళ్లు తాగిన పుస్తకం మేడం, సింగ్‌నగర్ వైపు నుంచి మూటలో వచ్చింది, 40 ఇవ్వండి చాలు" అన్నాడు కొట్టాయన. 2024 సెప్టెంబరు వరద అక్కడ ఏం చేసి వెళ్లిందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. 30కి ఇస్తారా అనడానికి నోరు రాలేదు.

రెండు రాత్రుల్లో చదివేశాను. రెండో రాత్రి కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేశాక, ఫోన్ లైటు పెట్టుకుని చివరి 60 పేజీలు. నాకు 37 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, పొద్దున్నే 10కల్లా కౌంటర్లో కూర్చోవాల్సిన ఉద్యోగం. పదిహేడేళ్ల అమ్మాయి ఎవర్ని ప్రేమిస్తుందో తెలుసుకోడానికి రాత్రి ఒంటిగంటన్నర దాకా మేలుకుని ఉండటం ఏంటని నాకే కొంచెం సిగ్గేసింది. మర్నాడు మా పిన్ని కూతురికి ఫోన్ చేసి చెప్పాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు, 26 ఏళ్లు. "అక్కా, నిజంగానా? అది నేను టెన్త్‌లో చదివా. అవన్నీ అయిపోయాయక్కా, ఇప్పుడెవరు చదువుతున్నారు?" అని నవ్వింది. జవాబు చెప్పబోయేలోపు మీటింగ్ ఉందని పెట్టేసింది. ఆ జవాబు ఇదిగో ఇక్కడ రాస్తున్నాను.

తను అన్నదాంట్లో నిజం లేకపోలేదు. ఆ జాతి పుస్తకాలకి ఒక సీజన్ నడిచింది. 2008లో 'ద హంగర్ గేమ్స్' వచ్చింది, 2011లో 'డైవర్జెంట్' వచ్చింది, రెండూ సినిమాలయ్యాయి. ఎక్కడ చూసినా పాడైపోయిన భవిష్యత్తు, దుర్మార్గపు ప్రభుత్వం, దాన్ని కూల్చే టీనేజీ అమ్మాయి, ఆ అమ్మాయికి అటొకడు ఇటొకడు. చివరికి జనానికి మొహం మొత్తింది. 'డైవర్జెంట్' వరసలో 2016లో వచ్చిన మూడో సినిమా చతికిలబడితే, ఆఖరి భాగం అసలు తీయనే లేదు. సరే, సీజన్ అయిపోయింది. అయిపోతే ఏమైంది? ఆవకాయ కలిపిన రోజే వేడన్నంలో వేసుకుని తినేవాళ్లుంటారు, మూడో రోజు తిరగకలిపేదాకా ఆగేవాళ్లుంటారు. ఆగినవాళ్లు తక్కువ తిన్నట్టా?

పైగా ఈ నవలకి ఆ సీజనే శత్రువు అనిపించింది నాకు. 'హంగర్ గేమ్స్' చదివి అదే వేడి మీద దీన్ని పట్టుకున్నవాళ్లకి ఇందులో బాణాల్లేవు, బరి లేదు, రక్తం దాదాపు లేదు. చప్పగా ఉందనిపించడం సహజం. నేను అవేవీ ఆశించకుండా, పక్కన ఎవరూ ఆ ఇద్దరు కుర్రాళ్లలో నువ్వు ఎవరి పార్టీ అని అడగకుండా, ఒక్కదాన్నే కూర్చుని చదివాను. అందుకే ఇందులో ఉన్న మెత్తటి భయం నాకు తగిలిందనుకుంటాను.

కథ కొంచెం చెప్పాలి. సొసైటీ అని ఒక వ్యవస్థ. నువ్వు ఏం తినాలో, ఏ పని చేయాలో, ఎవర్ని పెళ్లాడాలో అదే లెక్కలు వేసి చెబుతుంది. పెళ్లి వద్దనుకుంటే ఒంటరిగా ఉండిపోవచ్చు, ఆ వెసులుబాటు ఉంది. కావాలనుకుంటే మాత్రం 17 ఏళ్లకి ఒక విందు చేసి, తెర మీద నీకు సరిపడే మనిషి ముఖం చూపిస్తారు. మామూలుగా ఎక్కడో దూరపు ఊరివాడు వస్తాడు. కాసియా అనే మన అమ్మాయికి మాత్రం చిన్నప్పటినుంచి కలిసి ఆడుకున్న జాండర్ వస్తాడు. అందగాడు, తెలివైనవాడు, మంచివాడు. అందరూ సంబరపడిపోతారు. ఇంటికొచ్చి అతని వివరాలున్న కార్డు మెషీన్లో పెట్టి చూసుకుంటుంటే తెర ఒక్క క్షణం నల్లబడి, ఇంకో ముఖం వస్తుంది. కై అనే కుర్రాడు, వాడూ అదే పేటలో ఉంటాడు. తర్వాత ఒక అధికారి వచ్చి ఎంతో నెమ్మదిగా, పొరపాటు జరిగిందమ్మా, కంగారుపడకు అని చెప్పి వెళ్తుంది. ఎవరూ కేకలు వేయరు. ఈ పుస్తకంలో ప్రభుత్వం చాలా మర్యాదస్తురాలు.

ఇలాంటి పద్ధతికి మనుషులు ఎలా ఒప్పుకుంటారని అమెరికాలో చదివే పిల్లకి సందేహం రావచ్చు. విజయవాడలో చదివేవాళ్లకి ఆ సందేహం ఎందుకొస్తుంది? మన దగ్గర అల్గారిథం కంప్యూటర్ల కంటే ముందునుంచే ఉంది. వర్ణానికి 1, వశ్యానికి 2, తారకి 3, యోనికి 4, గ్రహమైత్రికి 5, గణానికి 6, రాశికి 7, నాడికి 8, కలిపితే 36 గుణాలు. 18 వస్తే పాసు. ఇంత శుభ్రంగా మార్కుల స్కీము వేసుకున్నవాళ్లం, సొసైటీని చూసి ఆశ్చర్యపోతే ఏం బాగుంటుంది? ఆ పైన మ్యారేజ్ బ్యూరో వాళ్ల జల్లెడ ఉండనే ఉంది: కులం, అందులో శాఖ, ఎత్తు, ప్యాకేజీ, వీసా. నవల్లో నయం, ప్యాకేజీ గురించి ఎవరూ అడగరు.

ఈ పుస్తకం వచ్చిన 2010 నవంబరులోనే నా బయోడేటా ఊళ్లో తిరుగుతోంది. సరిగ్గా అదే నెల. కార్తీక మాసంలో సంబంధాలు మొదలుపెడితే మంచిదని మా అమ్మ పట్టుదల. నాన్నా నేనూ గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్లో కూర్చున్నాం. అక్కడి కుర్రాడు రంగు అనే చోట చామనఛాయ అని కొట్టాడు. నాన్న అతని భుజం మీద నుంచి వంగి చూసి, నన్నొకసారి చూసి, "చామనఛాయ కన్నా కొంచెం తెలుపు అని పెట్టు బాబూ" అన్నారు. అలవాట్లు అనే చోట నేను నవలలు చదవడం అని రాసిచ్చాను. ఇంటికి తెచ్చాక మా మేనత్త కళ్లజోడు సవరించుకుని చదివి, "ఇదెందుకమ్మా, తీసేసి వంట అని పెట్టించు" అంది. మర్నాడు నాన్న మళ్లీ వెళ్లి 15 రూపాయలిచ్చి మార్పించుకొచ్చారు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. మా మేనత్త నా పెళ్లికి తన చేతి గాజులు తీసిచ్చిన మనిషి. కాసియా తల్లిదండ్రులూ అంతే, కూతురంటే ప్రాణం పెడతారు, ఆ ప్రాణం పెట్టడం కూడా వ్యవస్థకి ఉపయోగపడుతూనే ఉంటుంది.

ఆ బయోడేటా పట్టుకుని వచ్చిన ఆరో సంబంధం మా ఆయన. కాజాలు, మిక్చరు తిన్నాక, పెద్దవాళ్లు "పైకెళ్లి మాట్లాడుకోండి" అని డాబా మీదకి పంపారు, వాటర్ ట్యాంకు పక్కన 10 నిమిషాలు. ఏ సినిమాలు ఇష్టమని అడిగారు. ఏదో చెప్పాను. 14 ఏళ్లుగా బాగానే ఉన్నాం, నిజంగానే బాగున్నాం. ఆయన మంచి మనిషి.

నవల్లో జాండర్ కూడా మంచి మనిషే. ఈ పుస్తకం నన్ను పట్టుకున్నది అక్కడ. బద్ధకపు రచయిత్రి అయితే జాండర్‌కి ఏదో ఒక అవలక్షణం అంటించేది, కోపిష్టినో, మోసగాణ్నో చేసేది. అప్పుడు పాఠకురాలికి సులువు, వాణ్ని వదిలేసి వీడితో వెళ్లిపో తల్లీ అనేసి నిద్రపోవచ్చు. కాండీ అలా చేయలేదు. సొసైటీ వేసిన లెక్క తప్పు అని ఆవిడ ఎక్కడా అనదు. లెక్క కరెక్టే. జాండర్‌తో కాసియా సుఖంగానే ఉంటుంది. అంత మంచి జవాబు ఇచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను అడిగి ఉండాల్సింది అని ఒక అమ్మాయి అనొచ్చా లేదా? మన ఇళ్లల్లో ఈ ప్రశ్న ఎవరైనా వేస్తే వచ్చే మొదటి మాట, "ఇప్పుడు నీకేం తక్కువైంది?" నాకేం తక్కువ కాలేదు. నా కార్డులో రెండో ముఖం ఏదీ రాలేదు. వచ్చి ఉంటే చూసేదాన్నో, కళ్లు మూసుకునేదాన్నో ఇప్పుడు చెప్పలేను. 22 ఏళ్లప్పుడు ఈ పుస్తకం నా చేతిలో పడి ఉంటే ప్రేమకథగా చదివి, కై కోసం రెండు రోజులు బెంగపెట్టుకుని మర్చిపోయి ఉండేదాన్ని. 37లో చదివితే నా కళ్లు జాండర్ మీద నుంచి కదల్లేదు.

కాసియా మరీ బుద్ధిమంతురాలు, తిరగబడటానికి సగం పుస్తకం తీసుకుంటుంది అని ఒక ఫిర్యాదు ఉంది. మా పిన్ని కూతురిదీ అదే. నాకైతే ఆ బుద్ధిమంతురాలే నిజంగా కనిపించింది. అందరికీ ఒకేసారి విప్లవం వచ్చేస్తుందా? కాసియా పని సార్టింగ్, అంటే సమాచారాన్ని చకచకా వేరు చేసి వరసలో పెట్టడం. అందులో తను దిట్ట, ఆ సంగతి తనకి తెలుసు, దానికి కాస్త పొంగిపోతుంది కూడా. ఒక చోట ఆమెకి అంకెల బదులు మనుషుల్ని ఇస్తారు. పని చేస్తున్న కూలీల్ని చూస్తూ ఎవరు చురుకు, ఎవరు మందకొడి అని రెండు గుంపులుగా విడగొట్టాలి. ఆ వరసలో కై కూడా ఉంటాడు.

అది చదివి పుస్తకం మూసేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. 2003 నుంచి 2005 దాకా నేను ఈ ఊరి శివార్లలోనే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివాను. తెల్లవారుజామున 5కి స్టడీ అవర్, రాత్రి 10న్నరకి లైట్లు బంద్, వారానికో పరీక్ష, సోమవారం నోటీసు బోర్డు మీద లిస్టు. ఆ లిస్టు ప్రకారం సెక్షన్లు మారిపోయేవి. మొదటి సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, మంచి గదులు. కిందికి పోయేకొద్దీ ఫ్యాన్లు కూడా నెమ్మదిగా తిరిగేవనిపించేది. నా పక్క మంచం అమ్మాయి ఒక సోమవారం మొదటి సెక్షన్ నుంచి నాలుగో దానికి పడిపోయింది. మధ్యాహ్నానికల్లా ట్రంకుపెట్టె ఈడ్చుకుంటూ ఇంకో బ్లాకుకి వెళ్లిపోయింది. పెట్టె నేలకి రాసుకుంటూ వెళ్లిన చప్పుడు ఇప్పటికీ గుర్తు. ఇంకా బాగా గుర్తున్నది, ఆ చప్పుడు వింటున్నప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో. నేను మొదట్లోనే ఉన్నాను కదా. ఆదివారాలు గేటు బయట చెట్ల కింద అమ్మలు క్యారేజీలు విప్పి గోంగూర, కోడికూర కలిపి ముద్దలు పెట్టేవాళ్లు. ఆ అమ్మాయి వాళ్ల అమ్మ ఎప్పటిలాగే నాకూ ఒక ముద్ద పెట్టింది, ఏ సెక్షన్ అని అడగలేదు. నవల్లో ప్రతి మనిషికీ కొలిచిన తిండి విడివిడిగా, రేకు డబ్బాల్లో ఇంటికొస్తుంది. అంత పకడ్బందీ సొసైటీకి ఆ అమ్మ ముద్ద దగ్గర ఎక్కడో దెబ్బ తగిలి ఉండేది.

పద్యాల సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. మరీ ఎక్కువైపోతే జనం తికమక పడతారని సొసైటీ పాత ప్రపంచం నుంచి వంద పాటలు, వంద బొమ్మలు, వంద కథలు, వంద పద్యాలు మాత్రమే ఉంచి మిగతావన్నీ చెరిపేసింది. ఆ వందలో లేని రెండు పద్యాలు, డిలన్ థామస్‌ది ఒకటి, టెన్నిసన్‌ది ఒకటి, కాసియా తాతగారు ఆమెకి రహస్యంగా అందేలా చేస్తాడు. కథంతా నిజానికి అక్కణ్నుంచే అంటుకుంటుంది. వంద పద్యాలు అనగానే నాకు శతకం గుర్తొచ్చింది. మన శతకాల్లో వంద అని పేరే గానీ చాలావాటిలో 108 ఉంటాయి, లెక్కలో కూడా మనవాళ్లు కొసరు వేశారు. సరదాకి తెలుగులో వంద పద్యాలే ఉంచాలంటే ఏవి ఉంచుతానా అని కాగితం తీసుకుని కూర్చున్నాను. పోతన 'ఎవ్వనిచే జనించు', వేమన నాలుగైదు, జాషువా గబ్బిలం నుంచి కొన్ని, ఇంకా 20 కూడా రాకముందే చెయ్యి ఆగిపోయింది. మర్చిపోయినవి గుర్తుచేసుకోలేకపోతున్నాను. నా బుర్రని ఏ సొసైటీ వచ్చి చెరిపిందని?

ఆ తాతగారి విషయం కూడా అంతే. అక్కడ 80వ పుట్టినరోజు నాడు ఎవరైనా సరే పోవాల్సిందే, చివరి విందు చేసి మర్యాదగా సాగనంపుతారు. మన దగ్గర 80 దాటి వెయ్యి పున్నములు చూసినవాళ్లకి శతాభిషేకం చేస్తాం. గుంటూరు బ్రాడీపేటలో మా తాతయ్యకి చేసినప్పుడు, పంతులుగారు మంత్రాలు చదువుతుంటే ఆయన నా చెవిలో "ఇవాళైనా మామిడికాయ పచ్చడి వెయ్యనిస్తారంటావా మీ నానమ్మ" అని అడిగారు. నవల్లో ఆ విందు అధ్యాయం చదువుతున్నంతసేపూ నాకు ఆ గొంతే వినపడింది.

లోపాలు లేవని అనను. కై మరీ గాలిలో తేలే మనిషి, వాడికి ఒక్క చెడ్డ అలవాటైనా ఉంటే బాగుండేది. మధ్యలో కొండ ఎక్కడాలు ఎక్కువయ్యాయి. 1993లో లోయిస్ లౌరీ రాసిన 'ద గివర్' నీడ దీని మీద బాగానే పడింది. అక్కడా పెద్దలే పిల్లల పనులు నిర్ణయిస్తారు, అక్కడా పైకి అంతా ప్రశాంతం. అయినా అవన్నీ ఒప్పుకుని కూడా ఇష్టపడటానికి నాకు 37 ఏళ్ల వయసు బాగా పనికొచ్చింది. ఈ వయసులో ఒక పుస్తకం గొప్పదని ఎవర్నీ ఒప్పించక్కర్లేదు.

అమ్మాయిలు ఇష్టపడే పుస్తకమంటేనే కాస్త చులకన, ఇది కొత్తదేం కాదు. మా అమ్మ పెళ్లికి ముందు అద్దె పుస్తకాల షాపు నుంచి యద్దనపూడి నవలలు తెచ్చి, దుప్పట్లో దాచుకుని చదివేది. ఇంట్లో మగవాళ్లు వాటిని కారూ మేడా కథలనేవాళ్లట. ఇప్పుడు 65 ఏళ్లకి అవే నవలలు మళ్లీ కొనుక్కుని, హాల్లో సోఫాలో, అందరి ముందూ కూర్చుని చదువుతోంది. ఎవరేమంటారు? అప్పుడు హీరో కోసం చదివాననీ, ఇప్పుడు ఆ హీరోయిన్లు ఎంత పొగరుగా మాట్లాడతారో చూడ్డానికి చదువుతున్నాననీ అంటుంది. లేటుగా చదవడమంటే నాకు తెలిసిన మంచి ఉదాహరణ మా అమ్మే.

మా ఆయనకి కథ మొత్తం చెప్పాను, రైతు బజారు నుంచి వస్తూ స్కూటర్ మీద. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగారు, "ఇంతకీ అందులో నేనెవరిని?" "మీరు జాండరండీ" అన్నాను. "అంటే హీరోనా?" "అది ఇంకా తేలలేదు" అన్నాను. గ్రీన్ పడింది. ఇల్లు చేరేదాకా ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. రాత్రి భోజనాలయ్యాక మాత్రం, "ఆ రోజు డాబా మీద నువ్వు కూడా నన్నేమైనా అడిగి ఉండాల్సింది" అన్నారు. ఏం అడిగేదాన్నో ఇంకా ఆలోచిస్తున్నాను.

ఇంకొకటి ఉంది. ఈ పుస్తకాన్ని నాకంటే ముందు చదివిన పిల్ల ఎవరో దాని అంచుల్లో పెన్సిల్‌తో తెలుగు అర్థాలు రాసుకుంది. గుండ్రటి రాత, నీళ్లలో నాని కూడా పోలేదు. బాంక్వెట్ అన్నచోట 'విందు', అఫీషియల్ అన్నచోట 'ఆఫీసరు', కై లాంటి వాళ్లని పిలిచే అబరేషన్ అన్న మాట దగ్గర 'తేడా మనిషి'. ఒక చోట అర్థం బదులు 'శని. కెమిస్ట్రీ టెస్ట్' అని ఉంది. ఈ నవల్లో ఎవరికీ చేత్తో రాయడం రాదు, అన్నీ మీటలు నొక్కడమే. కై ఒక పుల్ల తీసుకుని నేల మీద కాసియాకి తన పేరు రాయడం నేర్పుతాడు, మన పిల్లలకి పళ్లెంలో బియ్యం పోసి ఓనమాలు దిద్దించినట్టు. ఆ పేజీ వచ్చాక పెన్సిల్ రాతలు లేవు. ఆ పిల్ల అక్కడ పుస్తకం ఆపేసిందో, లేక అర్థాలు వెతుక్కునే ఓపిక లేనంత వేగంగా చదువుకుంటూ పోయిందో తెలియదు. రెండోదే అయి ఉంటుందని నా పట్టుదల.

జూన్‌లో రెండో భాగం దొరుకుతుందేమోనని మళ్లీ లెనిన్ సెంటర్‌కి వెళ్లాను. దాన్లో వాళ్లు లోయలు పట్టుకుని నడుస్తూనే ఉంటారు, వద్దు అని మా పిన్ని కూతురు ముందే చెప్పింది, అయినా వెళ్లాను. కొట్టాయన గుర్తుపట్టాడు. గుట్ట మొత్తం తిరగేసి తల అడ్డంగా ఊపాడు. "ఆ మూటలో కథల పుస్తకం అదొక్కటే మేడం. మిగతావన్నీ ఎంసెట్‌వి. తడిసినవైనా అవి ఆ రోజే అమ్ముడుపోయాయి."